నీటిని పెంచేవాళ్లు

ఇంట్లో పగడాలు పెంచేవాళ్లంటే నాకు ఎనలేని గౌరవం. చేపలకు మేత ఎవరైనా వేస్తారు. వీళ్లు పెంచేది అసలు నీటిని. తొట్టిలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. అందుకే తగ్గిన మేరకు ఉప్పునీరు కాదు, శుద్ధి చేసిన మంచినీరే పోయాలి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు, 25 డిగ్రీల వేడి. ఇవి అటూ ఇటూ ఊగితే పగడం ముడుచుకుపోతుంది.

పగడం తన గూడు కట్టుకోవడానికి నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను లాక్కుంటుంది. ఎంత లాక్కుందో కంటికి ఆనదు. చిన్న గాజు సీసాలో కాసింత తొట్టి నీరు తీసుకుని, సిరంజితో ఒక్కో చుక్కే పరీక్ష మందు వదులుతూ, సీసాను మెల్లగా తిప్పుతూ, రంగు మారే ఆ ఒక్క చుక్క కోసం కాచుకోవాలి. తగ్గిన కార్బొనేట్‌ను భర్తీ చేయడానికి ఎంత సోడా కలపాలో దాన్నిబట్టే తేలుతుంది. ఆ ఓపికకు దండం పెట్టాలి.

పగడాలతోపాటు పెంచే సీ ఆనిమోన్ అనే జీవి మరీ సుకుమారం. నచ్చిన చోటు దొరికేదాకా రాళ్లమీద పాకుతూనే ఉంటుంది; పంపులో చిక్కిందా, ముక్కలే. తెలిసినవాళ్లు ముందే పంపుకు జాలీ బిగిస్తారు, తొట్టి కొన్ని నెలలు కుదురుకున్నాకే దాన్ని తెస్తారు.

మన దేశంలో రాతి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది, సముద్రం నుంచి తీయకూడదు. అది న్యాయమే. విదేశాల్లో చాలామంది పెంపకందారులు తమ పగడం కొమ్మనే కత్తిరించి, బిళ్లకు జిగురుతో అతికించి, అది వేళ్లూనాక తోటివాళ్లకు ఇస్తారు. నేను అన్నిటికన్నా మెచ్చుకునేది ఈ పనినే.