గుండుగా చుట్టినా ఖనిజమే

ఇనుప ఖనిజాన్ని పిండి చేసినా, కడిగినా, అయస్కాంతంతో మట్టిని వేరుచేసినా, చివరికి గుండ్లుగా చుట్టి కొలిమిలో కాల్చినా కస్టమ్స్ లెక్కలో అది ఖనిజమే. అందులోని ఆక్సిజన్‌ను లాగేసి లోహంగా మార్చినప్పుడు మాత్రం లెక్క మారుతుంది. శుద్ధి చేసిన ఖనిజం వర్గీకరణలో పెద్ద గీత ఇదే.

సరుకులకు కోడ్ వేసే ప్రపంచ కస్టమ్స్ సంస్థ పద్ధతి, హార్మొనైజ్డ్ సిస్టమ్, 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ పద్ధతి పాటించే దేశాలన్నింటికీ మొదటి ఆరు అంకెలు ఒకటే. ఆపై రెండు అంకెలు చేర్చి భారత్ ఎనిమిది అంకెల కోడ్ వాడుతుంది. ఇనుప ఖనిజం, దాని కాన్సంట్రేట్ (శుద్ధి చేసిన ఖనిజం) 26వ అధ్యాయంలో 2601 హెడింగ్ కిందికి వస్తాయి. ముద్దకట్టనివి 2601.11, ముద్దకట్టినవి 2601.12, కాల్చిన ఇనుప పైరైట్లు 2601.20. కాల్చని పైరైట్లు మాత్రం 2502లోకి పోతాయి.

ముద్దకట్టడమంటే ఏమిటో విశాఖపట్నంలో చూడవచ్చు. బైలదిల్లా ఖనిజాన్ని కిరండూల్ దగ్గర మెత్తగా నూరి, నీళ్లు కలిపి, 267 కిలోమీటర్ల పైపులైన్‌లో విశాఖలోని పెల్లెట్ ప్లాంటుకు పంపుతారు. పెల్లెట్ ప్లాంట్లలో సాధారణంగా జరిగేది ఇది: నీరు వడకట్టి, కొద్దిగా బెంటోనైట్ లాంటి బంకపదార్థం కలిపి, గుండ్లు (పెల్లెట్లు) చుట్టి, 1,300 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఇంత చాకిరీ జరిగాక దాన్ని తయారీ సరుకు అనాలనిపించడం సహజం. కానీ 26వ అధ్యాయం లోహ పరిశ్రమలో మామూలుగా జరిగే ప్రక్రియలన్నింటినీ లోపలికి రానిస్తుంది. కాల్చేటప్పుడు మాగ్నెటైట్ హెమటైట్‌గా మారినా అభ్యంతరం లేదు. కాల్చడం కాకుండా వేరే రసాయన చర్యతో ఖనిజం స్వభావాన్నే మార్చితే మాత్రం అది సాధారణంగా 28వ అధ్యాయానికి చేరుతుంది.

ఆకారం చూసి కోడ్ వేస్తే దెబ్బతినేది ఇక్కడే. ఖనిజం పెల్లెట్లూ గుండ్రంగానే ఉంటాయి, వాటినే గ్యాస్‌తో క్షయకరణం చేసి, అంటే ఆక్సిజన్ లాగేసి తీసిన స్పాంజ్ ఐరన్ పెల్లెట్లూ గుండ్రంగానే ఉంటాయి. మొదటివి 2601.12, రెండోవి 7203. కంటికి తేడా దొరకకపోయినా లోహరూపంలో ఉన్న ఇనుము ఎంతో ల్యాబ్ చెబుతుంది. ఉక్కు రోలింగ్‌లో రాలే పొలుసు రసాయనంగా ఐరన్ ఆక్సైడే అయినా తయారీ వ్యర్థం కాబట్టి 2619లోకి వెళ్తుంది. సరుకు ఎక్కడి నుంచి, ఏ దారిలో వచ్చిందో తెలుసుకోకుండా అధికారి నిర్ణయం తీసుకోకూడదు. కొనేవాడు దాన్ని ఎందుకు వాడతాడన్నది అంత ముఖ్యం కాదు. సిమెంటు ఫ్యాక్టరీకి పోయే ఇనుప ఖనిజం కూడా ఖనిజమే.

శుద్ధి చేసినా ఖనిజం ఖనిజమేనన్న ఆలోచన భారత న్యాయస్థానాలకు పాతదే. 1972లో, ప్రభుత్వ వ్యాపార సంస్థ ఎంఎంటీసీ దిగుమతి చేసుకున్న వుల్ఫ్రం (టంగ్‌స్టన్) ఖనిజం కేసులో, రాతిని వేరుచేసి వాడుకకు పనికొచ్చేలా చేసినంత మాత్రాన అది ఖనిజం కాకుండా పోదని సుప్రీంకోర్టు తేల్చింది. అది న్యాయమైన తీర్పు. కొండలోంచి తీసిన రాయిని తీసినట్టే ఓడకెక్కించి అమ్మేవారు తక్కువ.

కోడ్ తేడా వ్యాపారి జేబుకు ఎలా తగులుతుందో 2022 చూపించింది. మే 22 నుంచి ఖనిజం మీద ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచారు. అప్పటిదాకా సుంకమే లేని పెల్లెట్ల మీద 45 శాతం వేశారు. నవంబరు 19న ఆ పెంపు తీసేశారు. పెల్లెట్లకూ, 58 శాతం లోపు ఇనుమున్న లంప్స్ (ముక్కలు), ఫైన్స్‌ (పొడి)కూ సుంకం లేకుండా పోయింది. అంతకు మించిన వాటికి మళ్లీ 30 శాతమైంది.

అప్పుడు తగువంతా 58 అనే అంకె చుట్టూ చేరుతుంది. ఇనుము శాతాన్ని ఎండు ఖనిజం మీద లెక్కించాలా, తడి ఖనిజం మీదా? గంగాధర్ నర్సింగ్‌దాస్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు 1995లో తడి లెక్కే సరైనదంది. 2012 ఫిబ్రవరిలో కేంద్ర ఎక్సైజ్, కస్టమ్స్ బోర్డు సర్క్యులర్ కూడా అదే చెప్పింది. ఎండు లెక్కన 62 శాతం ఇనుమున్న ఫైన్స్‌లో 7 శాతం తేమ ఉంటే తడి లెక్కన ఇనుము 57.66 శాతమే అవుతుంది. తేమ 6 శాతమే అయితే 58.28, అంటే గీత దాటినట్టే. అందుకే లోడింగ్ వేళ నమూనా ఎలా తీశారు, ఎంతసేపు మూతపెట్టి ఉంచారు, ల్యాబ్‌కు చేరేలోపు ఎంత ఆరింది అన్న వివరాలకు షిప్పింగ్ బిల్లులో రాసిన కోడ్‌తో సమానమైన విలువ ఉంటుంది.