రోహింగ్యా గ్రంథాలలో ప్రాచీనతా వాదం – ఒక విమర్శ

ఆరాకాన్ ముస్లింలను గురించి గత పదిపన్నెండు సంవత్సరాలలో ఇంగ్లీషులోను, ఇతర యూరోపియన్ భాషలలోను అనేక గ్రంథాలు వెలువడ్డాయి. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలలలోనే ఏడు లక్షలమందికి పైగా ప్రజలు బర్మా వదలి బంగ్లాదేశ్‌లో ప్రవేశించారు. అంతకుముందు వచ్చినవారితో కలిసి కాక్స్ బజార్ జిల్లాలో వారి సంఖ్య పది లక్షలు దాటింది. కుటుపాలంగ్ కొండల మీద వెదురు, టార్పాలిన్ గుడిసెలతో ప్రపంచంలోకెల్లా పెద్ద శరణార్థి శిబిరం వెలసింది. ఈ దుస్థితిపై లోకాన్ని మేల్కొల్పడమే ఆ గ్రంథాల ఉద్దేశం. ఉద్దేశం ఉదాత్తమైనదే. కాని బాధితుని పక్షాన వ్రాసిన ప్రతి వాదమూ బాధితునికి మేలు చేస్తుందని చెప్పలేము. వకీలు వాదన బలహీనమైతే నష్టపోయేది వకీలు కాదు, కక్షిదారుడు.

ఈ గ్రంథాలలో ముందుగా చెప్పుకోవలసినది అజీమ్ ఇబ్రాహీం వ్రాసిన ‘ది రోహింగ్యాస్’. ఇది 2016లో, అంటే మహా విపత్తుకు ఏడాది ముందే వెలువడింది. బర్మాలో జరుగుతున్నది జాతి నిర్మూలనకు దారి తీయగలదని గ్రంథకర్త అప్పుడే హెచ్చరించాడు. మొదటి ముద్రణ ఉపశీర్షికలో ఆ జాతి నిర్మూలనను ‘మరుగున ఉన్నది’ అని పేర్కొన్నారు. 2018 ముద్రణలో ఆ మాట తీసివేశారు. అప్పటికి మరుగు మిగలలేదు. ఇంత దూరదృష్టి కలిగిన గ్రంథం విషయంలో తప్పులెన్నడం సులభం కాదు. అయినా చరిత్రను చర్చించిన భాగంలో గ్రంథకర్త ఎత్తుకున్న వాదాన్ని పరిశీలించక తప్పదు. ఆరాకాన్ తీరంలో రోహింగ్యాల పూర్వీకుల ఉనికి అతి ప్రాచీనమైనదని, రఖైన్ బౌద్ధుల రాకకన్నా పాతదని స్థాపించడానికి ఆయన ఎంతో శ్రమించాడు. ఆయన తర్వాత వచ్చిన కరపత్రాలలో, ఉపన్యాసాలలో ఈ వాదమే కొద్ది మార్పులతో వినిపిస్తూ వచ్చింది.

ఇందులోని చిక్కు తెలియాలంటే 1982 నాటి బర్మా పౌరసత్వ చట్టాన్ని చూడాలి. 1823కు పూర్వం నుంచి ఆ దేశంలో స్థిరపడి ఉన్న జాతులవారే పుట్టుకతో పూర్తి పౌరులని ఆ చట్టం నిర్ణయించింది. 1823 ఎందుకంటే, ఆ మరుసటి సంవత్సరమే ఇంగ్లీషువారితో మొదటి బర్మా యుద్ధం ప్రారంభమయింది. 1826లో ఆరాకాన్ వారి వశమయింది. ప్రభుత్వం ప్రకటించిన 135 జాతుల పట్టికలో రోహింగ్యాల పేరు లేదు. 1989 తర్వాత వారి పాత గుర్తింపు కార్డులు తీసుకుని 1995 నుంచి తెల్లకార్డులు ఇచ్చారు. 2015లో వాటినీ రద్దు చేశారు. 2014 జనాభా లెక్కలలో ఆ పేరు చెప్పుకోవడానికే అనుమతి ఇవ్వలేదు. ఇది జరిగింది తరతరాలుగా వోటు వేసినవారికి, పార్లమెంటులో సభ్యులుగా కూర్చున్నవారికి అని మరువరాదు. ఆరాకాన్ ముస్లిం అయిన సుల్తాన్ మహమూద్ ఊ నూ మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రిగా ఉన్నాడు.

ఇటువంటి చట్టం ముందు నిలబడి, “మేము 1823కన్నా ముందే ఉన్నాము, ఇవిగో ఆధారాలు” అని చెప్పడం సహజం. ఆధారాలు లేకపోలేదు. 1799లో ఫ్రాన్సిస్ బుకానన్ బర్మా రాజ్యంలోని భాషలపై వ్రాసిన వ్యాసంలో, ఆరాకాన్‌లో చాలాకాలంగా స్థిరపడిన ముస్లింలు తమను రూయింగా అని పిలుచుకుంటారని నమోదు చేశాడు. ఇది గట్టి సాక్ష్యం. కాని ఈ వాదం మొదలుపెట్టిన మరుక్షణం ప్రతిపక్షం కూడా తన ఆధారాలు తెస్తుంది. ఇంగ్లీషు పాలనలో చిట్టగాంగ్ నుంచి వరి కోతలకు వచ్చి స్థిరపడినవారి లెక్కలు తెస్తుంది. రోహింగ్యా అనే పేరు రాజకీయ నామంగా వ్యాపించింది ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలోనే అన్న జాక్ లైడర్ వంటి చరిత్రకారుల మాటలు తెస్తుంది. ఆ వలసలు నిజమే. అయితే ఏమిటి? నాలుగు తరాల క్రితం వచ్చిన కూలీ మునిమనుమడి ఇల్లు తగలబెట్టడం న్యాయమా? ఈ ప్రశ్న అడగవలసిన చోట గ్రంథకర్త శాసనాలు, నాణేలు వెతుకుతూ కూర్చున్నాడు. 1823 అనే గీత అన్యాయమైనదని ఆయనకూ తెలుసు, ఆ మాట వ్రాశాడు కూడా. కాని గ్రంథబలమంతా గీతను చెరిపివేయడంలో కాక, రోహింగ్యాలు దానికి ఇవతలే ఉన్నారని నిరూపించడంలో ఖర్చయింది.

వింత ఏమిటంటే, ప్రాచీనతకు నిదర్శనంగా చూపే చరిత్రే ఆ గీత ఎంత కృత్రిమమో చెబుతుంది. పదిహేడవ శతాబ్దిలో ఆరాకాన్ రాజధాని మ్రౌక్-ఊలో బౌద్ధ రాజుల కొలువులో ముస్లిం మంత్రులు ఉండేవారు. వారి ఆదరణలో బెంగాలీ కావ్యాలు వెలసాయి. అష్రఫ్ ఖాన్ ప్రోత్సాహంతో దౌలత్ కాజీ ‘సతీ మయనా’ కథను ప్రారంభించి, పూర్తి చేయకుండానే మరణించాడు. దానిని పూర్తి చేసినవాడు అలావోల్. మాగన్ ఠాకూర్ అనే ముస్లిం మంత్రి కోరికపై మలిక్ ముహమ్మద్ జాయసీ అవధీ కావ్యాన్ని ‘పద్మావతి’గా బెంగాలీలోకి తెచ్చినవాడూ ఆయనే. ఆ కవులు ఆరాకాన్‌ను రోసాంగ్ అన్నారు. రోహింగ్యా అనే మాట ఈ పేరు నుంచే వచ్చిందని పలువురు చెబుతారు. గ్రంథకర్తలు ఇంతవరకు వచ్చి ఆగిపోతారు. అలావోల్ తన గురించి చెప్పుకున్నది చదివితే విషయం మరో మలుపు తిరుగుతుంది. ఆయన ఆరాకాన్‌లో పుట్టినవాడు కాదు. బెంగాల్‌లోని ఫతేహాబాద్‌వాడు. నదిలో ప్రయాణిస్తుండగా పోర్చుగీసు దొంగలు దాడి చేసి తండ్రిని చంపారు. కొడుకు రోసాంగ్ చేరి, మొదట గుర్రపు దళంలో చాకిరీ చేసి, ఆ తర్వాత కవిగా పేరు పొందాడు. మొఘల్ యువరాజు షా షుజా 1660లో తమ్ముడు ఔరంగజేబ్ సేనల నుంచి తప్పించుకుని ఆరాకాన్‌లో తలదాచుకున్నాడు. కొంతకాలానికే రాజుతో చెడి అక్కడ నాశనమయ్యాడు. ఆ కల్లోలంలో అలావోల్ కూడా అనుమానానికి గురై చెరసాల పాలయ్యాడు. అంటే రోసాంగ్ సాహిత్యంలో అందరికన్నా ఘనుడైన కవి శరణార్థి. ఆయన ఏ సంవత్సరంలో వచ్చాడని కావ్యం వ్రాయించుకున్న మంత్రి అడగలేదు. ఈ వైభవాన్ని మరీ పొగడడానికీ లేదు. అదే రాజ్యం పోర్చుగీసు వారితో చేతులు కలిపి బెంగాల్ తీర గ్రామాలను దోచి, జనాన్ని బానిసలుగా తెచ్చింది. నేటి రోహింగ్యాల పూర్వీకులలో అలా బంధించి తెచ్చినవారు కూడా ఉన్నారు. వ్యాపారి, సిపాయి, కవి, బానిస, కూలీ – అందరూ వేర్వేరు కాలాలలో వచ్చి ఒక జనంగా కలిసిపోయారు. జాతులన్నీ ఇలాగే ఏర్పడతాయి. ఈ చరిత్రను ఒకే వేరు నుంచి పుట్టిన చెట్టులా చూపే ప్రయత్నం రచనను బలహీనపరచింది.

తెలుగు పాఠకునికి ఈ విషయం గ్రహించడం కష్టం కానక్కరలేదు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కి రంగూన్ వెళ్ళిన తెలుగు కూలీలను బర్మాలో కోరంగీలు అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో ముఖ్యంగా దెబ్బతిన్నది వారే. 1942లో జపానుసేన వచ్చినప్పుడు వేలాదిమంది కాలినడకన అడవులు, కొండలు దాటారు, దారిలోనే ఎందరో రాలిపోయారు. 1962లో నీ విన్ అధికారానికి వచ్చాక మిగిలినవారిలో చాలామంది కట్టుబట్టలతో తిరిగి వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉంది. ఈనాడు రోహింగ్యాను కించపరచడానికి వాడే ‘కలా’ అనే మాట ఆనాడు కోరంగీలు విన్నదే. వారిలో అత్యధికులు హిందువులు. ఆ కూలీలలో 1823కు పూర్వం వచ్చినవారు ఎందరుంటారు? ప్రాచీనతే హక్కుకు ప్రాతిపదిక అయితే, వారి విషయంలో ఫిర్యాదు చేయడానికి ఎవరికీ నోరుండదు.

ముస్లిం రచయితలు ఈ వాదంలో పడడం మరింత ఆశ్చర్యకరం. దివ్య ఖుర్ఆన్ సూరా హజ్ 40వ ఆయత్‌లో అన్యాయంగా ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టబడినవారి ప్రస్తావన వస్తుంది. వారి దోషం తమ ప్రభువు అల్లాహ్ అనడం మాత్రమే. వారి నివాస కాలాన్ని గురించి అక్కడ ప్రశ్న లేదు. అదే ఆయత్ మస్జిదులతోపాటు సన్యాసుల మఠాల రక్షణను కూడా పేర్కొన్నది. బౌద్ధ భిక్షువులందరినీ శత్రువులుగా చిత్రించే కరపత్ర రచయితలు దానిని చివరివరకు చదవడం అవసరం. సూరా తౌబా 6వ ఆయత్ ఇంకా ముందుకు వెళ్ళి, శరణు కోరినవాడు ముష్రిక్ అయినా శరణిచ్చి సురక్షిత స్థలానికి చేర్చాలని ఆదేశిస్తుంది. మదీనా అన్సార్లు మక్కా ముహాజిర్లకు ఇళ్ళలో పాలు ఇచ్చింది వారి వంశవృక్షాలు పరిశీలించి కాదు. ఇస్లామీ న్యాయశాస్త్రంలో ‘అమాన్’ అధ్యాయం ఇంత విస్తృతంగా ఉండగా, బర్మా సైనిక ప్రభుత్వం గీసిన కొలబద్దతో వాదించవలసిన అగత్యం ఏమిటో తెలియదు. అంతర్జాతీయ న్యాయస్థానం సయితం ఈ కొలబద్దను ఆశ్రయించలేదు. గాంబియా 2019 నవంబరులో వేసిన దావాపై 2020 జనవరి 23న ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వులో, తమను రోహింగ్యాలుగా చెప్పుకుంటూ రఖైన్ రాష్ట్రంతో దీర్ఘకాల సంబంధం ఉన్నదని చెప్పే సముదాయాన్నే ఆ పేరుతో సూచిస్తున్నట్లు స్పష్టం చేసి ముందుకు సాగింది. అంతకు నెలక్రితం అదే న్యాయస్థానంలో ఆంగ్ సాన్ సూ కీ చేసిన సుదీర్ఘ ప్రసంగంలో ఒక సాయుధ సంస్థ పేరులో భాగంగా తప్ప ఆ మాట ఆమె నోట రాలేదు.

వాదగ్రంథాల నుంచి అనుభవ గ్రంథాలకు వస్తే, హబీబుర్రహ్మాన్ ఆత్మకథ గమనించదగినది. ఫ్రెంచి రచయిత్రి సోఫీ ఆన్సెల్ సహాయంతో వెలువడిన ఈ గ్రంథాన్ని ఆండ్రియా రీస్ ఇంగ్లీషులోకి అనువదించింది (2019). తమ పేరునే ముందుగా చెరిపివేశారన్నది శీర్షిక భావం. 1979లో పుట్టిన ఆ బాలునికి మూడేళ్ళ వయస్సులో పౌరసత్వ చట్టం వచ్చింది. కథ అక్కడే మొదలవుతుంది. 2000లో దేశం విడిచి, ఏళ్ళతరబడి మలేషియాలోను, ఇతర చోట్లా దాక్కుని బ్రతికి, 2009 చివరలో పడవ మీద ఆస్ట్రేలియా చేరి నిర్బంధ కేంద్రం పాలయ్యేవరకు సాగుతుంది. అనుమతులు, సోదాలు, లంచాలు, భయం – ఇవి ఒక కుటుంబం దినచర్యలోకి ఎలా చొరబడతాయో ఏ నివేదికా ఇంత స్పష్టంగా చూపలేదు. ప్రాచీనతా వాదం చేయలేని పని ఈ గ్రంథం చేసింది.

లోపం లేకపోలేదు. మూడేళ్ళ పిల్లవాడు వర్తమాన కాలంలో కథ చెబుతూ నియంత ఉద్దేశాలను గ్రహించినట్లు మాట్లాడతాడు. అది పెద్దవాడి జ్ఞానం, పిల్లవాడి గొంతులో పెట్టినది. పైగా ఈ సాక్ష్యం పాఠకునికి చేరేసరికి మూడు చేతులు మారింది. హదీసు శాస్త్రం తెలిసినవారు మత్న్‌తోపాటు ఇస్నాద్ కూడా చూస్తారు. ఏ మాట కథకునిది, ఏది సహరచయిత్రిది అనే విషయం పీఠికలో విపులంగా చెప్పి ఉంటే సాక్ష్యం మరింత బలపడేది.

సాక్ష్యం విషయంలో జాగ్రత్త ఎంత అవసరమో ముస్లిం సమాజానికే బాగా తెలియాలి. 2010లో టిబెటన్లు నివసించే యూషూలో భూకంపం వచ్చినప్పుడు, శవాల వరుసల మధ్య సహాయకార్యంలో నిలిచిన బౌద్ధ సన్యాసులను తీసిన ఫోటో ఒకటి ఉంది. 2012లో బర్మాలో ముస్లింల ఊచకోత అంటూ దేశదేశాలా ప్రచారమయింది ఆ ఫోటోయే. వార్త వచ్చినప్పుడు విచారించి తెలుసుకోమని సూరా హుజురాత్ 6వ ఆయత్ చెబుతున్నా, ధర్మాగ్రహం ఆ విచారణకు వ్యవధి ఇవ్వలేదు. నిజంగా తగలబడిన గ్రామాల చిత్రాలను కూడా అబద్ధాలని కొట్టివేయడానికి బర్మా పాలకులకు ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు. ఉద్రేకంతో పుట్టిన సానుభూతి నిలకడ కూడా అనుమానమే. 2015 మేలో ప్రభుత్వాలు పడవలను సముద్రంలోకి తిప్పి పంపుతుంటే, ఆచే జాలరులు ఆకలితో అలమటిస్తున్న రోహింగ్యాలను ఒడ్డుకు చేర్చారు. 2023 డిసెంబరులో అదే ఆచేలో విద్యార్థుల గుంపు ఒకటి శరణార్థులున్న భవనంలోకి దూసుకుపోయి వారిని బలవంతంగా బయటికి పంపింది. వారూ ముస్లింలే. అదే సంవత్సరం కాక్స్ బజార్‌లో మనిషికి నెలకు 12 డాలర్లుగా ఉన్న ఆహార సహాయం రెండు విడతలలో 8 డాలర్లకు పడిపోయింది.

ఈ సాహిత్యంలో తెలుగులోకి రావలసినది ఏది అన్న ప్రశ్న వస్తే, ఇబ్రాహీం గ్రంథం కన్నా ముందు 2019లో జేమ్స్ బర్న్, షెహ్జార్ దోజా కూర్చిన ‘ఐ యామ్ ఎ రోహింగ్యా’ కవితా సంకలనాన్ని చెప్పాలి. శిబిరాలలోను, వెలుపలా ఉన్న రోహింగ్యా యువకుల కవితలివి. అన్నీ సమాన స్థాయిలో లేవు, కొన్ని నినాదాల దగ్గరే నిలిచిపోయాయి. మంచి వాటిలో కవి తాను ఎవరో నిరూపించుకోవడానికి ప్రయత్నించడు. అమ్మను, చెరువును, వదిలి వచ్చిన ఊరిని తలచుకుంటాడు. అయితే ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తే సరిపోదు. రోహింగ్యా నుడికి 1980లలో ముహమ్మద్ హనీఫ్ కుడి నుంచి ఎడమకు సాగే లిపి కూర్చాడు, అది 2018లో యూనికోడ్‌లో చేరింది. అంతకుముందు ఆ నుడిని అరబీ, ఉర్దూ అక్షరాలలో కూడా వ్రాసుకునేవారు. కనుక ఉర్దూ తెలిసిన తెలుగు అనువాదకునికి పాత వ్రాతలు మరీ కొత్తగా అనిపించవు. మాటల అర్థం అడిగి తెలుసుకోవడానికి కాక్స్ బజార్ దాకా వెళ్ళనక్కరలేదు. హైదరాబాదు బాలాపూర్ గుడిసెలలో ఆ నుడి మాట్లాడే కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటున్నాయి.