ముందు వెచ్చదనం, తరవాతే పాలు

మలేషియాలో పెరాక్ రాష్ట్రం, బగాన్ దాతుక్ వైపు కొబ్బరితోటల్లో తెలుగువాళ్ళు తరాలుగా ఉంటున్నారు. అక్కడ మేం పెద్దమ్మా అని పిలుచుకునే ఒకావిడ ఉంది. బ్రిటిష్ హయాంలో తోటపనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో మాట ఇప్పటికీ ఆ యాసే. తల్లి లేని పిల్లికూనల్ని బతికించడంలో ఆవిడంత చెయ్యి తిరిగిన మనిషిని నేను చూడలేదు.

ఓ సాయంత్రం వాన వెలిశాక పక్కింటి కుర్రాడు లొంకాంగ్‌లోంచి, అంటే వీధి కాలవలోంచి, ఓ కూనను తీసుకొచ్చాడు. కళ్ళింకా తెరవలేదు. తోక చివర ముడి పడ్డట్టు వంకర. ఈ దేశపు పిల్లుల్లో చాలావాటికి అది పుట్టుకతో వచ్చేదే. 1868లో అచ్చయిన పుస్తకంలో డార్విన్ కూడా ఈ తోకల సంగతి రాశాడు. వంటింటి త్రాసు మీద పెడితే 84 గ్రాములు తూగింది. అప్పుడే పుట్టిన కూన కూడా మామూలుగా 100 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

నేను పాలు వెచ్చబెట్టడానికి లేచాను.

"ఆగమ్మా. పాలెక్కడికీ పోవు. ముందు సలి పోనీ" అంది పెద్దమ్మ.

చిటికెనవేలు కూన నోట్లో పెట్టి చూసింది. చల్లగా ఉంది. ఒళ్ళు చల్లబడ్డ కూనకు పేగులు కదలవు, పోసిన పాలు అరగవు. ఆకలికి చచ్చిపోతుందేమోనన్న కంగారులో మనం పట్టే పాలే దాని ప్రాణం తీస్తాయి. రాత్రిపూట కూడా దుప్పటి అక్కర్లేని ఊళ్ళో చలేమిటనిపిస్తుంది. కానీ మొదటి వారం కూన చుట్టూ 30 డిగ్రీల వేడైనా ఉండాలి. తన ఒంటిని తానే వెచ్చగా ఉంచుకోవడం దానికి మూడు నాలుగు వారాలకు గాని చేతకాదు.

తడి తుడిచి, తువ్వాల్లో చుట్టి, గుండెకు ఆనించుకుని కూర్చుంది. గంట దాటింది. మధ్యలో సీసాలో వేన్నీళ్ళు పోయించి, పాత బాతిక్ సారాంగ్ చుట్టించి, అట్టపెట్టెలో ఒక పక్కకే పెట్టించింది. వేడెక్కువైతే కూన అవతలికి జరగడానికి చోటుండాలి కదా! ఆ గంటసేపూ ఆవిడ ఏమీ చేయనట్టే కనిపించింది. అసలు పనంతా ఆ గంటలోనే ఉందని నాకు తరవాత అర్థమైంది.

ఆవుపాలు పట్టదు, విరేచనాలు పట్టుకుంటాయి, కూనకు కావలసినంత మాంసకృత్తులూ వాటిలో ఉండవు. కూనల కోసం అమ్మే పాలపొడి కలిపి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకుంది. చంటిబిడ్డకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టలేదు. తల్లి దగ్గర తాగేటట్టే బోర్లా ఉంచి, గడ్డం కింద ఒక్క వేలు ఆనించింది. సిరంజీ మొన పెదవి చివర పెట్టి ఒక్క చుక్క వదిలి ఆగింది. నాలుక కదిలింది. ఇంకో చుక్క. తొందరపడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ముక్కులోంచి బుడగ వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. ఆవిడ చూపు సిరంజీ మీద లేదు, కూన గొంతు మీద ఉంది. మింగినప్పుడల్లా అక్కడ సన్నగా ఒక కదలిక. మూడు మిల్లీలీటర్లకు ఇరవై నిమిషాలు పట్టింది.

తరవాత దూది గోరువెచ్చని నీళ్ళలో ముంచి, తల్లి నాకినట్టు తోక కింద మెల్లగా రాసింది. ఈ వయసు కూనకు ఒంటికీ రెంటికీ తనంతట తానే రాదు. దూది మీద మరక వెలుతురులోకి తిప్పి చూసుకుంది. పసుపు ముదిరితే ఒంట్లో నీరు చాలలేదని గుర్తు.

రెండు గంటలకోసారి, రాత్రంతా ఇదే వరస. పొద్దుటే తూచి, గోడ క్యాలెండర్లో తేదీ పక్కన అంకె వేసేది. 84. 83. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నీ దక్కవని ఆవిడకు తెలుసు. దక్కనివి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఉన్నాయి. తరవాత 88. ఆపైన రోజుకు పది గ్రాముల లెక్కన పెరిగింది.

తొమ్మిదో రోజు పొద్దున ఎడమ కన్ను లోపలి కొసన గీత విడింది. అందులో ముదురు నీలం మెరిసింది. నేను బాగా చూద్దామని పెట్టెను కిటికీ దగ్గరికి జరపబోయాను. పెద్దమ్మ అప్పటికే లేచి కిటికీ తెర దించేసింది.