గోడ మీద రూపాయి బిళ్ళంత సూర్యుడు

గత ఆదివారం మా పక్క క్వార్టరు వాళ్ళు పిల్లల్ని తీసుకుని రాయ్‌పూర్ శివారు సడ్డూలోని సైన్స్ సెంటర్‌కి వెళ్ళొచ్చారు. సాయంత్రం టీ తాగుతూ ఫోన్లో ఫొటోలు చూపించారు. రెండు వందలకి పైనే ఉన్నాయి. ఏ ఫొటోలో చూసినా పిల్లలిద్దరూ మనవైపే చూస్తున్నారు. వెనకాల ఏదో యంత్రం, ఏదో బోర్డు. "ఇదేమిట్రా?" అని ఏడేళ్ళ వాణ్ణి అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "అక్కడ నవ్వమన్నారు తాతా" అన్నాడు. ప్రాణం ఉసూరుమంది.

ఈ కాలమ్ చదివేవారికి నా పాట తెలిసిందే. మా డబ్ల్యూఆర్ఎస్ (వ్యాగన్ రిపేర్ షాపు) కాలనీ మైదానంలో దసరాకి రావణుణ్ణి కాల్చేటప్పుడు, అంత ఎత్తు బొమ్మ కళ్ళెదుట మండుతుంటే, జనమంతా అరచేతిలోని చిన్న తెర మీద దాన్ని చూస్తున్నారని నేను బాధపడ్డాను. పిల్లలకి ఏదైనా చూపించేటప్పుడు ఫోను సంచిలో ఉండాలన్నాను. చాలామంది తల్లులు ఉత్తరాలు రాశారు, సగం మంది ఔనని, సగం మంది కాదని. ఈ వారం ఆ మాటనే ఇంకాస్త గట్టిగా రాద్దామని కూర్చున్నాను. కూర్చోగానే 1980 గుర్తొచ్చింది.

ఆ ఏడాది ఫిబ్రవరి 16న మన తెలుగు నేల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. హైదరాబాదు దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ వారి రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు కెమెరాలు బిగించుకుని ఎదురుచూశారు. రాయ్‌పూర్‌లో మాకు గ్రహణం పాక్షికమే. నాకు పన్నెండేళ్ళు. మా నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాగన్ రిపేర్ షాపులో ఫిట్టరుగా చేరారు. ఆ మధ్యాహ్నం కాలనీ వీధుల్లో పిట్ట లేదు. అమ్మ ఊరగాయ జాడీల మీద, నీళ్ళ బిందె మీద దర్భలు వేసింది. తలుపులు, కిటికీలు బిగించి మమ్మల్ని ముందు గదిలో కూర్చోబెట్టింది. బయట చూస్తే కళ్ళు పోతాయంది.

పడమటి కిటికీ చెక్క రెక్కలో మేకు ఊడిపోయిన కన్నం ఒకటుంది. అందులోంచి వచ్చిన ఎండ ఎదుటి గోడ మీద గుండ్రంగా పడింది. రోజూ పడేదే, మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు. ఆ రోజు ఆ గుండ్రానికి ఒక పక్క కొరికినట్టయింది. చూస్తుండగానే కొరుకుడు పెరిగింది. చివరికి సున్నం గోడ మీద నెలవంక మిగిలింది. అమ్మ కూడా విస్తరాకులు కుట్టడం ఆపి చూసింది. నాన్న లేచి కొలబద్ద తెచ్చి గోడకి ఆనించారు. కొమ్ము నుంచి కొమ్ముకి అంగుళం పైన. "ఆ కన్నం ఇంతుందా? లేదు. మరి ఇదేమిటి? సూర్యుడే!" అన్నారు. నాన్న గొంతు అంత ఉత్సాహంగా పలకడం నేను మళ్ళీ వినలేదు.

తర్వాత చదువుకుంటే తెలిసింది. సూర్యుడు మనకి ఎంత దూరంలో ఉన్నాడో, అందులో సుమారు నూట ఎనిమిదో వంతు అతని వెడల్పు. అందుకే చిన్న కన్నంలోంచి పడే బొమ్మ కూడా కన్నానికీ గోడకీ ఉన్న దూరంలో నూట ఎనిమిదో వంతే ఉంటుంది. పది అడుగుల గదికి అంగుళం పైన, అంటే ఆనాటి రూపాయి బిళ్ళంత. గ్రహణం చూడకుండా ఉండటానికి మూసిన గదే మాకు గ్రహణాన్ని చూపించింది. మా కాలనీ పిల్లలు హిందీలో గదిని కమరా అంటారు. ఆ మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. దానికీ, కెమెరా అన్న మాటకీ మూలం గది అనే అర్థమున్న ఒకే లాటిన్ పదం. మా ముందు గది ఆ రోజు పేరుకి తగ్గట్టే పనిచేసింది.

కానీ ఆ గోడకి ఫొటో లేదు. నెలవంక కొమ్ములు తలుపు వైపు తిరిగాయని నేనంటాను, వంటింటి వైపని మా అక్క అంటుంది. నలభై ఏళ్ళు దాటినా మా ఇద్దరికీ ఇది తెగలేదు. అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. ఆ కొలబద్ద పట్టుకున్న నాన్న చెయ్యి మాత్రం నా కళ్ళకి కట్టినట్టుంది. చూశారా, ఫొటో లేకుండానే అంత గుర్తుందని రాయబోయాను. ఇక్కడ ఆగాల్సొచ్చింది, ఎందుకంటే ఈ వారమే ఇంకొకటి జరిగింది.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు. అందులో మొదటి తొమ్మిది రోజుల్ని ఇక్కడివాళ్ళు నౌతపా అంటారు. రాయ్‌పూర్‌లో ఆ ఎండల్లోనే, మే 27 ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన వస్తువుకి నీడ ఉండదు. శ్రీకాకుళంలో ఇది మే రెండో వారంలోనే అయిపోతుంది. కర్కటరేఖకి పైనున్న ఢిల్లీకి ఎప్పటికీ రాదు. ఈ వారం ఆ రోజున మనవణ్ణీ మనవరాల్నీ తీసుకుని డాబా ఎక్కాను. అరడుగు ఎత్తు పాలపొడి డబ్బా, దాని అడుగున తెల్ల కాగితం. డాబా వాలుకి డబ్బా కింద అట్టముక్కలు పెట్టి, దారానికి నట్టు కట్టి నిలువు సరిచూశాం. సూర్యుడి వైపు కన్నెత్తకూడదని, ఫోను కూడా పైకి తిప్పకూడదని ముందే చెప్పాను. ఫోను అసలు వద్దన్నాను. తొమ్మిదేళ్ళ మనవడు వాళ్ళ నాన్న ఫోను జేబులో పెట్టుకునే వచ్చాడు.

పదకొండూ నలభైకి డబ్బా లోపల తూర్పు అంచున నల్లటి నెలవంక ఉంది, అరంగుళం మందం. నిమిష నిమిషానికీ సన్నబడింది. 11.58కి నేను "పోయింది!" అన్నాను. చప్పట్లు కొట్టాం. మనవడు కొట్టలేదు. పక్కనుంచి డబ్బా లోపలికి నిమిషానికో ఫొటో తీస్తున్నాడు. తీసినదాన్ని పెద్దది చేసి, "అభీ హై తాతా, ఇంకా ఉంది" అన్నాడు. ఉంది. తెల్ల కాగితం అంచున నల్లదారమంత. ఎండ మెరుపులో నా కళ్ళకి ఆనలేదు. నేను చూడాలనుకున్నది చూసేశాను. 12.01 ఫొటోలో ఆ దారం లేదు. కొన్ని నిమిషాలకి పడమటి అంచున కొత్త నెలవంక మొదలైంది. కిందికి దిగాక పిల్లలిద్దరూ ఫొటోలు వరసపెట్టి, టైము చూసుకుంటూ నోటుబుక్కులో బొమ్మలు వేశారు. ఆరేళ్ళ పిల్ల, "నీడ చచ్చిపోలేదు తాతా, అటుపక్కకి దాటింది" అంది.

ఇన్నేళ్ళుగా కన్ను చాలంటూ వచ్చాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. కన్ను తొందరపడుతుంది, జ్ఞాపకం అక్కాతమ్ముళ్ళ మధ్య చెరోవైపు తిరుగుతుంది. మా గోడకి ఒక్క ఫొటో ఉంటే ఆ నెలవంక ఎటు తిరిగిందో మాకు తెలిసేది. పక్కింటివాళ్ళ రెండు వందల ఫొటోల్లో తప్పు ఫోనుది కాదు. పిల్లలు చూస్తున్నది వాటిలో లేదు, అంతే.

అందుకని తల్లిదండ్రులకి ఒక మనవి. పిల్లలతో బయటికెళ్ళినా, ఇంట్లో గిన్నెలో ఐసు కరిగించినా, వాళ్ళని మీవైపు తిరగమనకండి. వాళ్ళ ఎత్తుకి వంగి, వాళ్ళ చేతులూ, చేతుల్లో ఉన్నదీ కనపడేట్టు తీయండి. మారే వస్తువైతే ఒకే చోటినుంచి మళ్ళీ మళ్ళీ తీయండి. వీలైతే ఫోను వాళ్ళకే ఇవ్వండి. ఆ సాయంత్రం ఫొటోలు ముందేసుకుని పక్కన కూర్చోండి.

జులై 16 ప్రాంతంలో రాయ్‌పూర్ మీద సూర్యుడు మళ్ళీ నడినెత్తికి వస్తాడు. అప్పటికి వానలు పడుతుంటాయి. మబ్బు తెరిపిస్తే పన్నెండింటికి మేం డాబా మీద ఉంటాం, ఈసారి మా అక్కతో సహా.