ఒక గది పనితనం

హైదరాబాదు బస్తీ దవాఖానాలో ఏముందో చెప్పేముందు ఏం లేదో చెప్పాలి. మంచాలు లేవు. ఆపరేషన్ గది లేదు. ఎక్స్‌రే మిషను లేదు. రక్తం తీసే సూది ఉంది గానీ ఆ రక్తాన్ని పరీక్షించే ల్యాబు లేదు. కాన్పులు చెయ్యరు. రాత్రిళ్లు తెరిచి ఉండదు. చీటీకి పైసా తీసుకోరు కాబట్టి డబ్బు కట్టే కౌంటరూ లేదు. ఉన్నదల్లా ఒక డాక్టరు, ఒక నర్సు, చేతికింద ఒక మనిషి, ఒక మందుల బీరువా. చాలాచోట్ల ఆ గది కూడా దవాఖానా కోసం కట్టింది కాదు. కమ్యూనిటీ హాలో, వార్డు ఆఫీసో, బల్దియా (నగరపాలక సంస్థ) చేతిలో ఖాళీగా ఉన్న మరో కట్టడమో.

ఇన్ని తీసేశాక మిగిలినదాన్ని ఆస్పత్రి అంటారా అని పెదవి విరిచినవాళ్లున్నారు. నాకు మాత్రం దీని పనితనమంతా ఆ తీసివేతలోనే కనిపిస్తుంది. మన దగ్గర ప్రభుత్వ వైద్యమంటే మొదట శంకుస్థాపన, తర్వాత టెండరు, ఆ తర్వాత ఏళ్ల తరబడి పునాదుల్లో నిలిచిన వాననీళ్లు. ఇక్కడ సిమెంటు కోసం ఆగలేదు. కట్టడం బల్దియాది, మనుషులూ మందులూ ఆరోగ్య శాఖవి, ఖర్చులో పెద్ద భాగం జాతీయ ఆరోగ్య మిషన్‌ది. రెండు శాఖలు ఒక పని మీద కలవడమే మనకు అరుదు. 2018 ఏప్రిల్‌లో మల్కాజిగిరి బీజేఆర్ నగర్‌లో మొదటిది తెరిచారు. 2020లో, కరోనా పెద్దాస్పత్రుల్ని మింగేస్తున్న మే నెలలో, ఒక్కరోజే 45 తెరిచారంటే కారణం ఈ సాదా నమూనాయే. గోడలకి సున్నం వేసి, బోర్డు తగిలించి, డాక్టర్ని కూర్చోబెడితే దవాఖానా సిద్ధం.

ఐదు నుంచి పది వేల జనానికి ఒకటి ఉండాలన్నది లెక్క. పాతబస్తీలో ఈ లెక్క అర్థం కావాలంటే పటం చాలదు, గల్లీలు తెలియాలి. యాకుత్‌పురాలో ఇంట్లోనే కూర్చుని జరీ పని చేసే ఒకావిడ ఉందనుకుందాం. నలభై దాటాయి. దాహం ఎక్కువైంది, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఉస్మానియా పెద్దాస్పత్రి ఎంత దూరం? కిలోమీటర్లలో చెప్తే దగ్గరే. కానీ వెళ్లాలంటే తోడు ఒకరుండాలి, ఆటోకి డబ్బులుండాలి, ఓపీ వరసలో సగం రోజు పోవాలి. పరీక్ష రాస్తే ఇంకో రోజు, ఫలితానికి మూడో రోజు. పీసు లెక్కన కూలి వచ్చేవాళ్లకి ఇవి మూడు కూలి రోజులు. అందుకని ఆవిడ గల్లీ చివర మెడికల్ షాపుకే వెళ్తుంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే రెండు గోలీలు ఇస్తారు. షుగర్ సంగతి ఎప్పటికో, కాలి పుండు మానకపోయినప్పుడు తెలుస్తుంది.

బస్తీ దవాఖానా చేసిన పని ఈ మూడు రోజుల్ని ఒక్క పూటకి కుదించడం. ఎలా కుదించిందన్నది నిదానంగా చూడాల్సిన సంగతి. చూపు ఆనేది గది మీద కాదు, గది బయట ఆగిన చిన్న బండి మీద.

డాక్టరు పరీక్ష రాయగానే నర్సు అక్కడే రక్తం తీస్తుంది. సీసాకి బార్‌కోడు అంటిస్తుంది. చల్లటి పెట్టెలో పెట్టిన ఆ సీసాల్ని బండి వచ్చి తీసుకెళ్తుంది. వెళ్లేది నారాయణగూడలోని ఐపీఎంకి, అంటే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కి. అక్కడ 2018లోనే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ పేరుతో కేంద్ర ల్యాబు పెట్టారు. ఊళ్లోని చిన్న దవాఖానాల నమూనాలన్నీ ఆ ఒక్క చోటికి చేరతాయి. మామూలుగా మర్నాటికి ఫలితం ఫోనుకి వస్తుంది, డాక్టరుకీ చేరుతుంది. మొదట్లో 57 రకాల పరీక్షలుండేవి, తర్వాత 134కి పెంచారు. థైరాయిడ్, లివర్, కిడ్నీ, మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, అన్నీ ఉచితం. బజార్లో వీటికి ఎంత తీసుకుంటారో ఒక్కసారి బిల్లు కట్టినవాళ్లకి తెలుసు.

గదికో చిన్న మిషను పెట్టి ఉంటే ఏమయ్యేది? ఒకటి చెడిపోయేది, ఇంకోదానికి రసాయనాలు అయిపోయేవి, మూడోదానికి టెక్నీషియన్ దొరికేవాడు కాదు. ఒకే చోట పెద్ద మిషన్లు పెట్టడంవల్ల అవి రోజంతా తిరుగుతాయి, ఒక్కో పరీక్షకయ్యే ఖర్చు పడిపోతుంది, నాణ్యత చూసే కళ్లు ఒకే గదిలో ఉంటాయి. మనిషి కదలడు, నెత్తురు కదులుతుంది. ఢిల్లీలో 2015లో మొదలైన మొహల్లా క్లినిక్కులే దీనికి పెద్దన్నలు, ఆ మాట దాచక్కర్లేదు. అయితే ఢిల్లీ పరీక్షల కోసం ప్రైవేటు ల్యాబుల్ని కుదుర్చుకుంది, హైదరాబాదు సర్కారీ ల్యాబునే కట్టుకుంది. నా ఓటు హైదరాబాదుకే. సొంత ల్యాబు ఉంటే ఏ బస్తీలో డెంగీ పెరుగుతోందో, ఎక్కడ నెత్తురు తక్కువున్న గర్భిణులు ఎక్కువున్నారో ప్రభుత్వం కళ్లెదుటే కనిపిస్తుంది. ఆ కనిపించినదాన్ని ఎంత వాడుకుంటున్నారన్నది వేరే ప్రశ్న.

నెత్తురు కదిలించొచ్చు గానీ గుండెనీ ఊపిరితిత్తుల్నీ సీసాలో పెట్టి పంపలేం కదా. దానికి 2021 జనవరిలో నగరంలో ఎనిమిది చోట్ల చిన్న హబ్బులు తెరిచారు. బార్కాస్, జంగమ్మెట్, పురానాపూల్ వాటిలో ఉన్నాయి. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, ఈసీజీ అక్కడ. మనిషి కదలక తప్పనిచోట దూరాన్ని తగ్గించారు.

దీనికి కొంచెం ముందుతరం పని, పేదలకి ప్రభుత్వ వైద్య బీమా ఇచ్చే ఆరోగ్యశ్రీ. పక్కపక్కన పెట్టి చూస్తేగానీ రెండింటి విలువా తెలియదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. దానిదీ మంచి పనితనమే. ఆస్పత్రి గుమ్మంలోనే దారి చూపే ఆరోగ్యమిత్ర బల్ల, ఒక్కో చికిత్సకి ముందే కట్టిన ధర, ఆపరేషన్‌కి ముందు ఆరోగ్యశ్రీ ట్రస్టు డాక్టర్ల అనుమతి, ఇంటికి పంపేటప్పుడు పది రోజుల మందులు, తిరుగు ప్రయాణానికి చార్జీ. ఆ చార్జీ సంగతి ఆలోచించిన వాళ్లెవరో గానీ పేదరికాన్ని దగ్గరగా చూసినవాళ్లు. గుండెకి రంధ్రమున్న పిల్లల తల్లిదండ్రులు తాకట్టు పెట్టకుండా ఆపరేషన్ చేయించుకోగలిగారు. 2018 సెప్టెంబరులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ బీమా పథకం తెచ్చేనాటికి మన దగ్గర ఈ నమూనాకి పదకొండేళ్లు నిండాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి దీని పరిమితి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు.

అయితే ఆ తలుపు తెరుచుకోవాలంటే రెండు ఉండాలి: రేషన్ కార్డు, ఆస్పత్రిలో చేరేంత జబ్బు. యాకుత్‌పురా ఆవిడ దగ్గర మొదటిది ఉన్నా రెండోది ఇంకా లేదు. కిడ్నీ పాడయ్యేదాకా ఆరోగ్యశ్రీకి ఆవిడ కనపడదు. డయాలసిస్ దశకొచ్చాక లక్షలు ఇస్తుంది. మన దేశంలో వైద్యానికి జనం జేబులోంచి పోయే డబ్బులో ఎక్కువ భాగం మందులకీ, చేరాల్సిన పనిలేని జబ్బులకీ పోతుంది. పెద్ద ఆపరేషన్‌కి బీమా ఇచ్చి రోజువారీ బీపీ మాత్రని జేబుకి వదిలేస్తే అప్పులు ఆగవు. బస్తీ దవాఖానాలో రేషన్ కార్డు రంగు అడగరు. బీపీకి, షుగర్‌కి నెలకి సరిపడా మాత్రలు బీరువాలోంచి తీసి చేతిలో పెడతారు.

చిన్న వైద్యమే ముందన్న ఈ మాటని పుస్తకం భాషలో చెప్పినవారిలో మనవాళ్లూ ఉన్నారు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన హృద్రోగ వైద్యుడు కె. శ్రీనాథ్ రెడ్డి అధ్యక్షతన ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2011లో అందరికీ ఆరోగ్యం మీద నివేదిక ఇచ్చింది. బీమా సొమ్ము మీద కాకుండా పన్నుల డబ్బుతో నడిచే ప్రభుత్వ వైద్యం మీద, అందులోనూ ప్రాథమిక వైద్యం మీద ముందు ఖర్చు పెట్టమంది. ఢిల్లీలో ఆ నివేదిక చదివినవాళ్లకంటే బీరువాలో పెట్టేసినవాళ్లే ఎక్కువనుకుంటా.

పాతబస్తీలో చూడాల్సిన పనితనం ఇంకొకటుంది, పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో. 2017 జూన్‌లో సర్కారు దవాఖానాలో కాన్పయ్యే తల్లుల కోసం కేసీఆర్ కిట్ పథకం మొదలైంది అక్కడే. పత్రికలన్నీ కిట్టు సంచిని ఫోటో తీశాయి: సబ్బు, పౌడరు, దోమతెర, బొమ్మలు. సంచి నాకంత ముఖ్యం కాదు. డబ్బు విడగొట్టిన తీరు చూడండి. మగబిడ్డకి 12 వేలు, ఆడబిడ్డకి 13 వేలు. ఒక్కసారే ఇచ్చేవారు కాదు. గర్భిణిగా పేరు రాయించుకుని రెండు పరీక్షలు చేయించుకుంటే 3 వేలు. సర్కారు దవాఖానాలో కాన్పయితే 4 వేలు, ఆడపిల్లయితే 5 వేలు. మూడున్నర నెలల టీకాలు పూర్తయితే 2 వేలు. తొమ్మిదో నెల టీకా వేయిస్తే 3 వేలు. కూలి మానుకుని ఆస్పత్రికి ఎప్పుడెప్పుడు రావాలో సరిగ్గా అప్పుడప్పుడే ఆ కూలి చెల్లించే ఏర్పాటు ఇది. ఆడపిల్లకి వెయ్యి ఎక్కువ అన్నచోట విధానం రాసినవారి మనసు తెలుస్తుంది. ఇలాంటి పనికి ఒకటే ఆయువుపట్టు: డబ్బు ఆ తారీకుకే పడాలి. నెలల తర్వాత పడితే అది సాయమవుతుంది గానీ, తల్లిని టీకా గదికి రప్పించే శక్తి పోతుంది.

గొప్ప కట్టడాల ఊసెత్తకుండా ఈ నగరం వైద్యం గురించి రాయడం కష్టమే. మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఉండేది.   1908 సెప్టెంబరు వరద ఆస్పత్రిని తుడిచిపెట్టాక విన్సెంట్ ఎష్ గీసిన గుమ్మటాల ఉస్మానియా లేచింది, 1925కి పూర్తయింది. కులం, మతం, డబ్బు అడగని పెద్ద తలుపు అది. 2020 జూలైలో వార్డుల్లోకి మురుగునీళ్లొచ్చాక పాత కట్టడాన్ని ఖాళీ చేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకి శంకుస్థాపన జరిగింది.

ఇక బస్తీ దవాఖానా లోపాలు. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకానే తెరిచి ఉంచడం అడ్డా కూలీకి, ఆటో డ్రైవరుకి పనికిరాదు. ఆదివారం తెరిచి శనివారం మూయాలని తర్వాత చేసిన మార్పు తెలివైనదే గానీ సగం దారే. ఒక్క డాక్టరే ఉన్నచోట ఆ డాక్టరు పీజీ సీటు వచ్చి వెళ్లిపోతే గది అలాగే ఉంటుంది, వైద్యం ఉండదు. కాంట్రాక్టు ఉద్యోగానికి కట్టిపడేసే గుణం తక్కువ.

అన్నిటికంటే నాకు కనపడే లోపం అతుకుది. గదికీ ల్యాబుకీ మధ్య అతుకు ఎంత నున్నగా ఉందో, గదికీ పెద్దాస్పత్రికీ మధ్య అతుకు అంత గరుకు. బస్తీ డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఉస్మానియాకి వెళ్లినావిడ అక్కడ మళ్లీ మొదటి నుంచి ఓపీ వరసలో నిలబడాల్సిందే. 2002లో థాయ్‌లాండ్ ముప్పై బాత్‌లకే వైద్యమనే పథకాన్ని దేశమంతటికీ తెచ్చినప్పుడు ప్రతి మనిషినీ దగ్గరి చిన్న కేంద్రంలో నమోదు చేసింది. జబ్బు పెద్దదైతే అక్కడి నుంచే పై ఆస్పత్రికి పంపేలా దారి వేసింది. ఇక్కడ రక్తం సీసాకి బార్‌కోడు ఉంది, మనిషికి లేదు. యాకుత్‌పురాలో రాసిన చీటీ మీదే గోషామహల్‌లో ఏ గది, ఏ రోజు, ఎన్ని గంటలకన్నది అచ్చయ్యే ఏర్పాటుకి కావలసింది ఒక కంప్యూటరు, రెండు ఆస్పత్రుల మధ్య ఒప్పందం. కొత్త ఉస్మానియా గోడల కోసం ఆగకుండానే ఆ పని మొదలెట్టొచ్చు.