చిట్టా, ఆవర్జా, గల్లాపెట్టె

ఆర్థిక శాస్త్రం మాంద్యాన్ని దేశపు ఉత్పత్తి తగ్గుదలతో కొలుస్తుంది కాని, వీధి చివరి కిరాణా కొట్టుకు ఆ సంగతి మొదట అరువు రూపంలో తెలుస్తుంది. సరుకు ఎప్పటిలాగే కదులుతున్నా సాయంత్రానికి గల్లాపెట్టెలో పడే డబ్బు తగ్గుతుంది, లాభం కాగితం మీద కనిపిస్తూనే ఉంటుంది కనుక ప్రమాదం చాలాకాలం తెలిసిరాదు. చిన్న వ్యాపారాలు నష్టం వల్ల మూతపడే ముందు చేతిలో నగదు ఆడక మూతపడతాయి.

తెలుగు వర్తకుల పాత పద్దుల పద్ధతిలో ఏ రోజు జమాఖర్చులను ఆ రోజు జరిగిన వరుసలో రాసే పుస్తకం చిట్టా, ఆ పద్దులనే మనిషి మనిషికీ విడదీసి ఎక్కించే పుస్తకం ఆవర్జా. అమ్మకాలు బాగున్న రోజుల్లో చిట్టాతో పని గడిచిపోతుంది. గడ్డుకాలంలో మాత్రం ఎవరి బాకీ ఎన్ని నెలలుగా కదలలేదో తెలియాలంటే ఆవర్జా తిరగేయక తప్పదు.

వర్తకులు రొటేషన్ అని పిలిచేది, అంటే పెట్టిన డబ్బు సరుకై, అమ్ముడై, తిరిగి డబ్బుగా చేతికి రావడం, లాభశాతం కన్నా ముఖ్యమైనది. లక్ష రూపాయల పెట్టుబడి నెలకు రెండుసార్లు తిరిగి, తిరిగినప్పుడల్లా 5 శాతం మిగిలితే ఏడాదికి 1,20,000 రూపాయలు వస్తాయి. అదే పెట్టుబడి అరువుల్లోనూ, అటకమీది పెట్టెల్లోనూ చిక్కుకుని నెలన్నరకొకసారి తిరిగితే వచ్చేది 40,000 మాత్రమే, కాగా కొట్టు అద్దె, కరెంటు బిల్లు రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. అందువల్ల టోకు వ్యాపారి పెట్టె మీద ఇచ్చే తగ్గింపుకు ఆశపడి నెల సరుకు ఒకేసారి దింపుకోవడం కన్నా, కాస్త ధర ఎక్కువైనా వారానికి సరిపడా తెచ్చుకోవడం మేలు. రకాలు తగ్గించడం కన్నా ఒక్కో రకం తెచ్చే పరిమాణాన్ని తగ్గించడమే సరైన పద్ధతి, ఎందుకంటే ఉప్పో అగ్గిపెట్టో లేదనిపించుకున్న కొట్టుకు బియ్యం కొనే మనిషి కూడా రాడు.

నగదు ఆడనప్పుడు ఎదురయ్యే పెద్ద ఉచ్చు రోజువారీ ఫైనాన్స్. పదివేల అప్పు రాయించుకుని, వెయ్యి ముందే పట్టుకుని 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేసే ఈ పద్ధతిలో వడ్డీ నూటికి పదిలా కనిపిస్తుంది. అసలు రోజురోజుకూ తీరుతూనే ఉంటుంది కనుక లెక్కగట్టి చూస్తే అది సాలుకు నూటికి 75 దాటుతుంది. 5 శాతం మిగులు మీద బతికే కొట్టు ఈ భారాన్ని మోయలేదు. 2020 జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకు పదివేల రూపాయల తొలి రుణంతో, 7 శాతం వడ్డీ రాయితీతో పీఎం స్వనిధి పథకం తేవడానికి ఇటువంటి అవసరమే కారణం. కాని కొట్టు పెట్టుకున్న చిల్లర వర్తకుడు ఆ పథకం కిందికి రాడు. చిన్న పరిశ్రమలకు రావలసిన సొమ్ము 45 రోజుల్లోపు అందాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, 2021 జులైలో చిల్లర, టోకు వర్తకాన్ని ఆ వర్గంలో చేర్చినది బ్యాంకుల ప్రాధాన్య రుణాల వరకే. హాస్టలుకో హోటలుకో సరుకు పోసి నెలల తరబడి తిరిగే వర్తకుడికి ఆ 45 రోజుల రక్షణ లేకపోవడం అన్యాయం.

అరువు పూర్తిగా ఆపేయడం ఈ నగదు ఇబ్బందికి విరుగుడు కాదు. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయి, చెలామణిలోని నగదు విలువలో సుమారు 86 శాతం చెల్లకుండా పోయినప్పుడు, ఎన్నో కుటుంబాలకు పూట గడిచింది కిరాణా ఖాతాల వల్లనే. బాకీపడ్డ మనిషిని గట్టిగా నిలదీస్తే ఆయన ఆ వీధిలో నడవడం మానేసి, చేతిలో ఉన్న నగదుతో మరో కొట్టుకు వెళతాడు, దాంతో పాత బాకీ, కొత్త బేరం రెండూ పోతాయి. అనుభవమున్న వర్తకులు పాత బాకీని ఆవర్జాలో వేరే పుటకు మార్చి, అక్కడ గీత గీసి, ఇకమీదట సరుకు నగదుకే ఇస్తూ, వారానికి యాభయ్యో వందో ఆ పుటలో జమ కట్టించుకుంటారు. ఆ మనిషి తల దించుకోకుండా మళ్లీ కొట్టు మెట్లెక్కడానికి ఆ పుట వీలు కల్పిస్తుంది.