గాలిగొట్టము మార్చిన ఇంధనము మిగులునా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పికప్ ట్రక్కు సామాన్యుని వాహనము. ముందు కూర్చొనుటకు గది, వెనుక సామాను వేయుటకు తెరచిన తొట్టి గల ఈ బండిని రైతులు, వడ్రంగులు, ఇండ్లు కట్టువారు విశేషముగా వాడుదురు. ఫోర్డు సంస్థవారి ఎఫ్ సీరీస్ 1977 మొదలుకొని దశాబ్దముల తరబడి ఆ దేశమున అత్యధికముగా అమ్ముడుపోయిన ట్రక్కుగా నిలిచినది. బరువైన బండి, పెద్ద ఇంజను. కావున పెట్రోలు ఖర్చు ఎక్కువ. ఈ ఖర్చును తగ్గింతుమని చెప్పి, ఇంజనులోనికి గాలి పోవు మార్గమున బిగించు పరికరములను అనేకులు అమ్ముచున్నారు. వానిని కొనువారు ధనవంతులు కారు. పెట్రోలు ధరకు భయపడువారే. అందుచేత ఆ వాగ్దానము విజ్ఞానశాస్త్రము ముందు ఎంతవరకు నిలుచునో పరీక్షించుట అవసరము.

ఈ పరికరములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది, వెడల్పయిన గొట్టమును, గాలిని సులభముగా పోనిచ్చు వడపోత సంచిని కలిపిన జత. ఇది బయటి చల్లని గాలిని నిరోధము లేకుండ తెచ్చునందురు. రెండవది, గొట్టములో అమర్చు రేకుల చక్రము. ఇది గాలిని సుడి తిప్పి పెట్రోలుతో బాగుగ కలుపునందురు. మూడవది, గాలిద్వారమునకును దాని వెనుకనున్న గొట్టముల సముదాయమునకును నడుమ బిగించు మందపాటి లోహపు పలక.

వీరి వాదము వినుటకు సహేతుకముగానే ఉండును. మండుటకు గాలి కావలెను. గాలి సులభముగా లోనికి పోయినచో మంట బాగుగ మండును. మంట బాగుగ మండినచో ఇంధనము ఆదా అగును. ఈ మూడు మెట్లలో మొదటిది నిజము. తక్కిన రెంటియందే పొరపాటున్నది.

పెట్రోలు ఇంజనును గురించి చాలమందికి తెలియని విషయమొకటి కలదు. డ్రైవరు కాలితో నొక్కు పెడలు పెట్రోలును నేరుగా నియంత్రింపదు, గాలిని నియంత్రించును. గొట్టములో థ్రాటిల్ అను తలుపు కలదు. పెడలు నొక్కినకొలది ఆ తలుపు తెరచుకొనును. లోనికి వచ్చిన గాలిని కొలిచి, దానికి తగినంత పెట్రోలును ఎలెక్ట్రానిక్ యంత్రాంగము చిమ్మును. సాధారణముగ బరువునుబట్టి 14.7 పాళ్ల గాలికి 1 పాలు పెట్రోలు. పొగగొట్టములో మిగిలిన ఆమ్లజనిని కొలుచు సాధనమొకటి ఈ నిష్పత్తిని క్షణక్షణము సరిచూచుచుండును. కావున గాలి ఎక్కువైన పెట్రోలు కూడ ఎక్కువే అగును. గాలి తక్కువైన పెట్రోలును తక్కువే.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 0.74 కిలోగ్రాములు. దానికి కావలసిన గాలి సుమారు 10.9 కిలోగ్రాములు, అనగా దాదాపు 9,000 లీటర్లు. 5 లీటర్ల ఇంజను గల పికప్ ట్రక్కు సమతలమైన రోడ్డుపై గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచు, గంటకు 10 లీటర్ల పెట్రోలు త్రాగుచున్నదనుకొందము. దానికి గంటకు 90,000 లీటర్లు, నిమిషమునకు 1,500 లీటర్ల గాలి కావలెను. ఇంజను నిమిషమునకు 1,600 చుట్లు తిరుగుచున్నచో, రెండు చుట్లకొక పర్యాయము గాలి పీల్చును గనుక, అది పీల్చగలిగినది 800 × 5, అనగా 4,000 లీటర్లు. అనగా ఆ ఇంజనుకు తాను పీల్చగల గాలిలో అయిదింట రెండు వంతులైనను అక్కరలేదు. మిగిలిన గాలిని అడ్డగించుటకే థ్రాటిల్ తలుపు చాలవరకు మూసికొని యున్నది.

వీధి కుళాయిని సగము త్రిప్పి బిందె నింపుకొను ఇల్లాలి విషయము చూడుడు. ఆమెకు కావలసినంత ధార కుళాయి వద్దనే నిర్ణయమగుచున్నది. దాని వెనుకనున్న గొట్టమును రెట్టింపు వెడల్పు చేసినచో ఆమె కుళాయిని మరికొంత మూయును, అంతే. పికప్ ట్రక్కునందును అట్లే. వడపోత సంచి వద్ద నిరోధము కొంచెము తగ్గినచో, అదే వేగమునకు డ్రైవరు పెడలును కొంచెము తక్కువ నొక్కును. తలుపు మరికొంత మూసికొనును. ఒకచోట తొలగిన నిరోధము మరొకచోట చేరును. పెట్రోలు లెక్క మారదు.

చల్లని గాలి సంగతి మరింత విచిత్రము. 57 డిగ్రీల సెంటిగ్రేడు గాలికి బదులు 27 డిగ్రీల గాలి వచ్చినచో, పరమ ఉష్ణోగ్రతలు 330, 300 గనుక, దాని సాంద్రత నూటికి 10 వంతులు పెరుగును. తలుపు పూర్తిగా తెరచినపుడు దీనివలన బలము పెరుగుట నిజమే. బరువు లాగునపుడు, మిట్ట ఎక్కునపుడు అది ఉపయోగపడును. కాని తలుపు సగము మూసియుండు నిత్యప్రయాణములో సాంద్రమైన గాలిని అడ్డగించుటకు తలుపు ఇంకను మూసికొనవలెను. అప్పుడు పిస్టను మరింత శూన్యతకు ఎదురుగా గాలిని పీల్చుచు ఎక్కువ శ్రమపడును. ఆదాకొరకు కొన్న చల్లగాలి ఇచ్చట ఆదాకు స్వల్పముగ విరోధియే అగుచున్నది.

ఈ తర్కమునకు ప్రయోగము తోడ్పడుచున్నది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు శుభ్రమైన వడపోత సంచితోను, మూసికొనిపోయిన సంచితోను కార్లను నడిపి పరీక్షించి 2009లో నివేదిక ప్రచురించిరి. ఆధునికమైన పెట్రోలు కార్లలో సంచి మూసికొనిపోయినను ఇంధనపు ఖర్చులో చెప్పుకోదగిన భేదము కానరాలేదు. కాని వేగము పుంజుకొను శక్తి మాత్రము మారినది. శుభ్రమైన సంచితో నూటికి 6 నుండి 11 వంతులు మెరుగుపడినది. బాగుగ మూసికొన్న సంచిని మార్చిననే ఇంధనము మిగులనపుడు, బాగుగనున్న సంచిని తీసి ఖరీదైన సంచి పెట్టిన మిగులునా?

అట్లయిన ఈ నమ్మకము ఎక్కడనుండి వచ్చినది? పూర్వపు ఇంజనులలో పెట్రోలును గాలిలో కలుపు పని కార్బురేటరుది. దానికి ఆమ్లజనిని కొలుచు సాధనము లేదు. సంచి మూసికొన్నచో అది అవసరమునకు మించి పెట్రోలు కలుపును. అట్టి పాతకార్లలో సంచి మార్చినచో నూటికి 2 నుండి 6 వంతుల ఆదా కనిపించినది. సుడి చక్రము, లోహపు పలక కూడ ఆ కాలపు ఆలోచనలే. అప్పుడు ఆ మార్గమున గాలి, పెట్రోలు కలిసి ప్రవహించెడివి. కలుపుటకు ఏదో అర్థముండెను. కార్బురేటరులు 1990 దశకారంభమునకు అమెరికా కొత్త బండ్లలో దాదాపు అంతరించినవి. నేటి ఇంజనులో పెట్రోలు సిలిండరు ద్వారముచెంతనో, సిలిండరు లోపలనో చిమ్మబడును. పలక వద్ద ప్రవహించునది గాలి మాత్రమే. అచ్చట సుడి తిప్పి దేనితో కలుపుదురు? తలుపును, వంపులను, కవాటములను దాటుసరికి ఆ సుడియు మిగులదు. రేకుల నిరోధము మాత్రము మిగులును.

అయినను, కొన్నవారిలో చాలమంది మైలేజీ పెరిగినదని చిత్తశుద్ధితోనే చెప్పుదురు. వారు అబద్ధమాడుట లేదు, కొలత తప్పుచున్నది. టాంకు నింపునపుడు ఒకసారి కొంచెము ఎక్కువ, ఒకసారి కొంచెము తక్కువ పడును. ఎండకాలమునకు, చలికాలమునకు మైలేజీ భేదించును. డబ్బు పెట్టి పరికరము కొన్నవాడు ఫలితము చూడగోరి మెల్లగ నడుపును. టైర్లలో గాలి సరిచూచుకొనును. ఆదా నిజమే కావచ్చును గాని అది పరికరముది కాదు, పాదముది. ఇక ప్రకటనలలో "నూటికి ఇంత వరకు" అని వ్రాయుదురు. "వరకు" అను మాటలో సున్న కూడ ఇమిడియున్నదని పాఠకుడు గుర్తింపవలెను.

1973 చమురు సంక్షోభము తరువాత అమెరికా ప్రభుత్వము ఇట్టి పరికరములను పరీక్షించు బాధ్యతను పర్యావరణ రక్షణ సంస్థకు అప్పగించినది. గాలి, పెట్రోలు మార్గములలో అమర్చునవి, ఇతరములు కలిపి నూరింటికి పైగా పరికరములను ఆ సంస్థ పరిశీలించినది. ఏ కొద్దింటియందో తప్ప ప్రయోజనము కానరాలేదు.

ఈ విమర్శకు హద్దు లేకపోలేదు. పందెములందు నడుపువారికి, తలుపు పూర్తిగా తెరచి బలము కోరువారికి వెడల్పయిన గొట్టము కొంత మేలు చేయవచ్చును. డీజిలు ఇంజను గాలిని ఈ విధముగ తలుపుతో అడ్డగించి నడుచునది కాదు గనుక పై లెక్కను దానికి యథాతథముగ అన్వయింపరాదు. దోషము గొట్టముది కాదు. బలమును గూర్చిన నిజమును తెచ్చి ఆదాకు సాక్ష్యముగ నిలుపుటయే దోషము.

పోనీ, నూటికి ఒక వంతు ఆదా అగుననియే ఒప్పుకొందురుగాక. ఏటికి 20,000 కిలోమీటర్లు, లీటరుకు 8 కిలోమీటర్లు నడచు బండికి 2,500 లీటర్ల పెట్రోలు కావలెను. మిగులునది 25 లీటర్లు. లీటరు 80 సెంట్ల చొప్పున 20 డాలర్లు. 300 డాలర్లు పెట్టి కొన్న పరికరము ధర రాబట్టుటకు 15 సంవత్సరములు పట్టును.

నిజముగ ఆదా కోరువాడు లోపలి గాలిని విడిచి బయటి గాలిని చూడవలెను. బండికి ఎదురగు గాలి నిరోధబలము వేగము యొక్క వర్గమునుబట్టి పెరుగును. 110 కిలోమీటర్ల వేగమును 95కు తగ్గించినచో ఆ బలము నాల్గింట ఒక వంతు తగ్గును. దీనికి ఏ పరికరమును కొననక్కరలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో ఒక అభ్యాసముగ ఈయవచ్చును. వార్తాపత్రికలో వచ్చిన ఏదైన ఒక ఆదా ప్రకటనను తెచ్చి, విద్యార్థులను మూడు ప్రశ్నలు అడుగవలెను. దేనితో పోల్చిరి? ఏ పరిస్థితిలో కొలిచిరి? పరికరము తీసివేసి మరల కొలిచిరా? ఈ మూడింటికి సమాధానము లేని ప్రకటనకు డబ్బు చెల్లింపరాదని ఒక్క విద్యార్థి గ్రహించినను ఆనాటి పాఠము సార్థకమైనట్లే.